కుక్కబొమ్మ పెట్టెలో ఏది అసలు, ఏది అతుకు

ఈమధ్య మా విజయనగరంలో కొత్తగా ఏ హోటల్ తెరిచినా, ఏ కల్యాణమండపం కట్టినా లోపల అడుగు పెట్టగానే ఎదురయ్యేది ఒక గ్రామఫోను. నిగనిగలాడే ఇత్తడి బూరా, దాని కింద ఎనిమిది పలకల చెక్క పెట్టె, పెట్టె ముందు ఇత్తడి రేకు మీద కుక్కబొమ్మ. పెళ్ళికొచ్చిన పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఎవరినైనా అడిగితే "బ్రిటిష్ వాళ్ళ కాలం నాటిదండి, ఒరిజినల్ హెచ్ఎంవీ" అంటారు. అది బ్రిటిష్ కాలంది కాదు. ఆ పెట్టెను హెచ్ఎంవీ (హిజ్ మాస్టర్స్ వాయిస్) కంపెనీ ఏనాడూ తయారు చేయలేదు. అలంకారానికి పెట్టుకున్నవాళ్ళ మీద నాకే కోపమూ లేదు. కానీ అదే సరుకును పాతదని చెప్పి, పాటంటే ప్రాణం పెట్టే మనుషులకి, రిటైరైన డబ్బుల్లోంచి ముచ్చటపడి కొనుక్కునే మాస్టార్లకి అంటగడుతున్నారు. అది చూస్తూ ఊరుకోవడం నావల్ల కావట్లేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాకు ఫొటోలు పంపించేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "అన్నా, ఇది ఒరిజినలేనా?" అని. దానికి ఔననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఎనభై తొంభై ఏళ్ళ మిషన్ అంటే ఎన్ని చేతులు మారుంటుందో ఆలోచించండి. స్ప్రింగు తెగితే వేరేది వేయించుంటారు, హ్యాండిల్ పోతే ఎవరిచేతో చేయించుంటారు, సూది బిగించే, పాట పుట్టించే గుండ్రటి సౌండుబాక్సు పగిలితే ఇంకెవరింట్లోనో మూలపడిన పెట్టెలోంచి తెచ్చి తగిలించుంటారు. కాబట్టి అసలా నకిలీయా అని మొత్తం మిషన్ని అడిగితే జవాబు దొరకదు. ఒక్కో భాగాన్నీ పట్టుకుని విడివిడిగా అడగాలి: ఇది ఈ పెట్టెతోపాటే కంపెనీలో బిగించిందా, అదే కాలంనాటి ఇంకో పెట్టెలోంచి వచ్చిందా, నిన్నగాక మొన్న పోత పోసిందా? ఈ మూడింటికీ చాలా తేడా ఉంది. మూడోదాన్ని మొదటిదని చెప్పి అమ్మడం మోసం. రెండోదాన్ని మొదటిదని చెప్పడం కూడా మోసమే, కాకపోతే దాన్ని మోసమని ఒప్పుకునేవాళ్ళు తక్కువ.

ముందు మన ఇళ్ళలో అసలు ఏ మిషన్లుండేవో చెప్పాలి, ఎందుకంటే తికమకంతా అక్కడే మొదలవుతుంది. గ్రామఫోను అనగానే మన కళ్ళముందు బూరా మెదులుతుంది. అది సినిమాల వల్ల, ఆ కుక్కబొమ్మ వల్ల వచ్చిన అలవాటు. ఫ్రాన్సిస్ బారో అనే చిత్రకారుడు మొదట ఎడిసన్ గొట్టపు ఫోనోగ్రాఫు (పళ్ళెం లాంటి ప్లేటు బదులు గొట్టం మీద పాట ఉండే మిషన్) ముందు కుక్క కూర్చున్నట్టు వేసి, 1899లో దాని మీదే రంగు పూసి బెర్లినర్ పళ్ళెం మిషన్‌గా మార్చి, మనం హెచ్ఎంవీ అని పిలిచే గ్రామఫోన్ కంపెనీకి అమ్మాడు. అంటే ఆ బొమ్మలో బూరా పందొమ్మిదో శతాబ్దం చివరిది. కలకత్తాలో ఆ కంపెనీ రికార్డింగు మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసింది 1902లో, సియాల్దాలో కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది 1908లో. ఈలోగానే, 1906లో, అమెరికాలో విక్టర్ కంపెనీ బూరాను పెట్టె లోపల దాచేసిన విక్ట్రోలాలు దింపింది. ఇరవయ్యో దశకం వచ్చేసరికి బయటికి కనపడే బూరా పాతబడిపోయింది.

మరి మన పద్యాలు, హరికథలు, నాటకాల ప్లేట్లు మధ్యతరగతి ఇళ్ళలోకి బాగా వచ్చిందెప్పుడు? ముప్ఫైల నుంచి. అప్పటికి జనం కొంటున్నది చేత్తో పట్టుకెళ్ళే పోర్టబుల్ పెట్టె. నల్ల రెగ్జిన్ లాంటి గుడ్డ అంటించి, మూలలకి లోహపు తొడుగులు, పైన పిడి, చూడ్డానికి చిన్న సూట్‌కేసు. హెచ్ఎంవీ 101 అనేది 1925లో వచ్చింది, 102 అనేది 1931లో. కొలంబియా వాళ్ళ వైవా-టోనల్ పెట్టెలు కూడా ఉండేవి. మన దేశంలో నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ 78 ప్లేట్లు అరవైల చివరిదాకా వచ్చాయి కాబట్టి ఆ పెట్టెలు కూడా అంతకాలం వాడుకలో ఉన్నాయి. బొబ్బిలి, సాలూరు, రాజాం, చీపురుపల్లి వైపు అటకల మీద ఇప్పటికీ దొరికేవి నూటికి తొంభైపాళ్ళు ఇవే.

రాజాం దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దావిడ తన పెట్టె చూపించడానికి పిలిచారు. దుమ్ము దులిపి అరుగు మీద పెట్టారు, పెట్టాక ఆవిడ మొహంలో ఏదో మొహమాటం.

"బూరా నేదు బాబూ దీనికి. మా మావగారు కొన్నప్పుడే నేదు. ఇది నకిలీదేటి?"

"నకిలీది కాదు మామ్మా, బూరా లోపలే ఉంది. కంపెనీవాడే లోపల పెట్టేశాడు."

"మరి ఆ పాతసామాన్ల కుర్రోడు బూరా నేపోతే ఇనప్పెట్టె కిందే లెక్క అన్నాడు గదా. తూకానికి ఇచ్చీమన్నాడు."

ఆవిడ ముందున్నది 102. తాళం కప్ప దగ్గర్నుంచి సూదుల డబ్బా దాకా అన్నీ ఉన్నాయి. అలాంటిదాన్ని తూకానికి అడిగాడు. అడిగినవాడికి దాని విలువ తెలియక కాదు, బాగా తెలుసు గనకే అడిగాడు. ఎందుకో చెప్తాను.

మా ఊళ్ళోనే ఒక మిత్రుడు బయటి ఊరినుంచి ఇత్తడి బూరా గ్రామఫోను ఒకటి కొనుక్కొచ్చాడు. ముంబయి చోర్ బజారులో, ఢిల్లీలో, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎక్కడపడితే అక్కడ దొరికే రకమే. పాట మధ్యలో నీరసపడుతోందని నన్ను పిలిస్తే వాడి ఎదుటే విప్పాను. పైపలకకి నాలుగు మూలలా ఉన్న స్క్రూల తలలు చూడగానే సగం కథ తెలిసిపోయింది, నాలుగూ ప్లస్ గుర్తు తలలవి. ఫిలిప్స్ స్క్రూలు బజార్లోకి వచ్చిందే 1930ల మధ్యలో. 1910 నాటిదని చెప్పిన పెట్టెకి కంపెనీ బిగించిన ప్లస్ స్క్రూలుండటం అసాధ్యం. పాతవాటికి ఒకే అడ్డగీత ఉన్న తలలే ఉంటాయి, పైగా బ్రిటిష్ మిషన్లలో చాలా స్క్రూలు బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) కొలతవి, మన హార్డ్‌వేర్ షాపు మెట్రిక్ స్క్రూ వాటి రంధ్రంలో సరిగ్గా పట్టదు. బలవంతంగా ఎక్కిస్తే మర చెడి, చుట్టూ లోహం కొత్తగా మెరుస్తుంది. ఆ మెరుపు కూడా ఒక సాక్ష్యమే.

పలక ఎత్తాం. పెట్టె బయట ముదురు గోధుమ రంగు, లోపల తెల్లటి చవక చెక్క, మూలల్లో మేకులు, ఇంకా వార్నిష్ వాసన. పాత పెట్టె లోపలికి ముక్కు పెడితే ముక్కిపోయిన వాసన, గ్రీజు వాసన, పాత జిగురు వాసన కలిసి వస్తాయి, వార్నిష్ వాసన మాత్రం రాదు. ఇక మోటారు. మోటారు మాత్రం నూటికి నూరుపాళ్ళు పాతది, మంచి మోటారు. దాని కింది పలకను రెండు వైపులా హాక్సాతో కోసేశారు, కోసిన అంచు గరుకు చేతికి తగుల్తోంది. పక్కనే దేనికీ పనికిరాని పాత స్క్రూ రంధ్రాలు వరసగా ఉన్నాయి. అవి ఆ మోటారు ఒకప్పుడు కూర్చున్న చోటు తాలూకు రంధ్రాలు. ప్లేటు తిరిగే పళ్ళెం కూడా పది అంగుళాలది, పోర్టబుల్ పెట్టెలోదే. అంటే ఎక్కడో ఎవరింట్లోనో ఉన్న ఒక నిఖార్సైన పోర్టబుల్‌ని చంపి, దాని గుండె తీసి ఈ బొమ్మలో పెట్టారు. పెట్టె ఏ పొయ్యిలోకి పోయిందో, సౌండుబాక్సు ఏ తుక్కులో కలిసిందో.

మావాడు పట్టు వదల్లేదు. "అయితే మోటారు పాతదే కదరా, పూర్తిగా మోసం కాదు కదా" అన్నాడు. నాకు ఎక్కువ బాధ కలిగించేది సరిగ్గా ఇదే. ఇత్తడి బూరా నకిలీలు ఊరికే గాల్లోంచి పుట్టవు. మోటారు తయారు చేయడం కష్టం, ఖరీదు. అందుకని పాత మోటారు కావాలి. ఆ మోటారు కోసం మన అటకల మీది పోర్టబుల్ పెట్టెలు తూకానికి పోతున్నాయి. హోటల్ గుమ్మంలో ఒక కొత్త బూరా వెలిసిందంటే ఎక్కడో ఒక అసలు పెట్టె పోయిందని నేను అనుకుంటాను. నకిలీ వల్ల నష్టం కొన్నవాడి జేబుకే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు.

బూరా ఇత్తడిదైతే నకిలీ అని మాత్రం అనుకోకండి. మొదట్లో వచ్చిన చిన్న బూరాలు కొన్ని ఇత్తడివి ఉన్నాయి, కొన్నింటికి నల్లటి ఇనప గొట్టం చివర ఇత్తడి అంచు ఉండేది. కానీ ఆ తర్వాత వచ్చిన పెద్ద పూరేకుల బూరాలు ఎక్కువగా రంగు వేసిన ఉక్కు రేకువి, ఖరీదైన వాటికి చెక్కవి. పాత బూరా రేకు పల్చగా, తేలిగ్గా ఉంటుంది, అతుకు సన్నగా, అంచు లోపలికి తీగ పెట్టి చుట్టి ఉంటుంది. కొత్త నకిలీ బూరా బరువుగా ఉంటుంది, రేకుల మధ్య టంకం ముద్దలు ముద్దలుగా కనిపిస్తుంది, బూరాను పెట్టెకి కలిపే మోచేయి లావుగా, ఇసుక అచ్చులో పోసిన గరుకుతో ఉంటుంది. ముందు అతికించిన పెద్ద ఇత్తడి కుక్కబొమ్మ రేకు చూసి మురిసిపోకండి. కంపెనీ ఆ బొమ్మను ఎక్కువగా సన్నటి బంగారు రంగు ట్రాన్స్‌ఫర్‌గా చెక్క మీదే వేసేది, ఏళ్ళు గడిచేకొద్దీ అది అరిగి సగం మాసిపోతుంది. ఆ మాసిపోయిన సగం బొమ్మ ఎంత విలువైనదో చెప్పలేను, దయచేసి దాని మీద కొత్త స్టిక్కర్ వేయకండి.

టోన్ ఆర్మ్, అంటే సౌండుబాక్సును మోసే చేయి, దీని దగ్గరే నకిలీ పూర్తిగా బయటపడుతుంది. అసలుది సౌండుబాక్సు దగ్గర సన్నగా మొదలై వెనక్కి వెళ్ళేకొద్దీ నున్నగా వెడల్పవుతుంది. ధ్వని మెల్లమెల్లగా విచ్చుకోవాలని అలా చేశారు, దానికి పేటెంట్లు కూడా ఉన్నాయి. నకిలీది ఒకే లావు ఇత్తడి గొట్టం, వంపు దగ్గర అతుకు. అసలు చేతిని వేలికొసతో తాకితే పక్కకి జారిపోవాలి, కిర్రుమనకూడదు, పైకీ కిందికీ ఊగకూడదు. నకిలీవాటిలో కీలు బిగిసి ఉంటుంది, లేదంటే వదులై గడగడలాడుతుంది. చేయి ఎక్కడ బిగించాలన్న కొలత కూడా ఎవరూ చూడరు. అసలు మిషన్లో సూది మొన ప్లేటు గాడిలో ఎటువైపు వంగి నడవాలో లెక్క కట్టి మరీ ఆ చేయి చోటు నిర్ణయిస్తారు.

"పాట వస్తే చాలు కదా, అంత లోతుకి ఎందుకు?" అని నన్ను చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్నకి జవాబు ప్లేటు మీదే కనిపిస్తుంది. 78 ప్లేటు లక్కతో చేసింది, అందులో రాతి పొడి లాంటిది కలుపుతారు. ఉక్కు సూది మొదటి కొన్ని చుట్లలోనే ఆ గాడి ఆకారానికి అరిగి సర్దుకోవాలని అలా చేశారు. అందుకే ఒక్కో వైపు వినడానికి ఒక్కో కొత్త సూది వాడాలి, ఇది కంపెనీవాడు సూదుల డబ్బా అమ్ముకోవడానికి పెట్టిన రూలు కాదు. ఇప్పుడు బిగుసుకుపోయిన నకిలీ చేయి బరువంతా ఆ సూది మీద పడి, గాడి గోడే దాన్ని ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళాల్సి వస్తే ఏమవుతుంది? గోడ చెక్కుకుపోతుంది. నల్లగా నిగనిగలాడాల్సిన ప్లేటు మీద బూడిదరంగు పట్టీలు వస్తాయి. అక్కడినుంచి పాట బదులు గరగర. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1936 నుంచి ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు మాది. ఆయన ఫిడేలు ప్లేటు ఇంకోటి దొరకడం ఎంత కష్టమో ఇక్కడివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దాన్ని తీసుకెళ్ళి హోటల్ బొమ్మ మీద పెట్టి "చూశారా, పాడుతోంది" అని వీడియో తీస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది. ఆ చేయి ఆ ప్లేటును తినేస్తోంది. అసలు భాగాల గురించి నేను పట్టుబట్టేది ఇందుకే, షోకేసులో పెట్టి మురిసిపోవడానికి కాదు.

ఇప్పుడు ఆ రాజాం మామ్మగారి 102 దగ్గరికి వద్దాం, అసలు పెట్టెను ఎలా చదవాలో దాంతో చెప్పడం తేలిక. నేను మొదట చూసేది సౌండుబాక్సు. హెచ్ఎంవీ వాళ్ళు వాటికి నంబర్లిచ్చారు, సాధారణంగా ఆ నంబరు సౌండుబాక్సు మీదే ఉంటుంది. 101కి నంబర్ 4 వచ్చేది, దాని లోపల వణికి పాట పుట్టించే పొర అభ్రకంది. 102కి మొదట్లో కొన్నాళ్ళు 16, ఆ తర్వాత 5ఏ, 5బి, వీటి పొర పల్చటి అల్యూమినియం లోహంది. కాబట్టి 102 మీద అభ్రకం పొర ఉన్న నంబర్ 4 కనిపిస్తే అది చెడ్డదని కాదు, పాతదే, హెచ్ఎంవీదే, కానీ ఆ పెట్టెతో పుట్టింది కాదు. అమ్మేవాడు ఆ మాట చెప్పాలి. మామ్మగారిదాని మీద 5ఏ ఉంది. భూతద్దం పెట్టి చూస్తే అంచున వెంట్రుకవాసి పగుళ్ళు రెండు.

ఆ పగుళ్ళ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామంది వాటిని చూసి "ఎవరో కింద పడేశారు" అనుకుంటారు. ఇలాంటి సౌండుబాక్సుల ఒళ్ళు జింకు కలిపిన పోతలోహంతో పోసేవారు. అది అప్పట్లో చవక, తేలిగ్గా అచ్చులోకి పోతుంది. కానీ అందులో సీసం లాంటి మలినాలు ఏ కాస్త ఉన్నా, కాలం గడిచేకొద్దీ లోహం లోపల్నుంచే ఉబ్బుతుంది, వంకర పోతుంది, పగుళ్ళిస్తుంది, ఆఖరికి బిస్కట్‌లా విరుగుతుంది. దాన్ని ఎవరూ ఆపలేరు, జిగురుతో అతికించలేరు. బలవంతంగా స్క్రూ తిప్పితే చేతిలోనే ముక్కలవుతుంది, కాబట్టి పగుళ్ళు కనిపించిన సౌండుబాక్సును విప్పకండి. తడి తగలని చోట పెట్టండి. మన వైపు సముద్రపు గాలి, చెమ్మ ఎక్కువ, భీమిలి వైపు ఇళ్ళలో ఉన్నవి బొబ్బిలి వైపు వాటికంటే ఎక్కువ పాడై కనిపించాయి నాకు. ఒక విధంగా ఈ పగుళ్ళు కూడా ఆ కాలం తాలూకు ముద్రే, కొత్తగా ఇత్తడితో పోసిన నకిలీ సౌండుబాక్సుకి ఇలాంటివి రావు. ఎగ్జిబిషన్ అనే పాత రకానికి నకిలీగా చేసిన సౌండుబాక్సుల వెనక కంపెనీ పేరు కూడా ఉంటుంది, కానీ అక్షరాలు మసకగా, అరిగిన నాణెంలా. అసలుదాని మీద అక్షరం అంచు గోటికి తగులుతుంది.

సౌండుబాక్సు అయ్యాక అరుగుదల చూడాలి. అరుగుదల అబద్ధమాడదు. ఆర్మ్ ఎత్తడానికి ఎప్పుడూ ఒకే చోట వేళ్ళు పడతాయి, అక్కడ పూత పోయి ఇత్తడి తేలుతుంది. హ్యాండిల్ దూర్చే రంధ్రం చుట్టూ గీతలు పడతాయి. సూది మార్చేటప్పుడు జారి పడిన చోట, సూదుల డబ్బా పక్కన, చిన్న చిన్న గాట్లు. మామ్మగారి పెట్టెలో మూలన తిప్పితే బయటికొచ్చే సూదుల డబ్బా ఉంది, అందులో తుప్పు పట్టిన సూదులు ఇంకా ఉన్నాయి, దాని కింద గుడ్డ మాత్రం కొత్తదానిలా ఉంది. వెలుతురు తగలని చోట రంగు వేరుగా ఉండాలి, అన్ని చోట్లా ఒకే మాపు ఉంటే ఎవరో టీ డికాషన్ పూశారని అర్థం. భాగం తీసి చూస్తే దాని నీడ కింద దాని ఆకారమే ఉండాలి. ఇంకో ఆకారం మచ్చ ఉందంటే అక్కడ ఒకప్పుడు ఇంకోటి ఉండేది.

అలాగే కొలంబియా పెట్టె మీద హెచ్ఎంవీ సౌండుబాక్సు తరచుగా కనిపిస్తుంది. చేయి మూతికీ సౌండుబాక్సు మెడకీ కొలత కుదరక, మధ్యలో సైకిల్ ట్యూబు ముక్కో ఇన్సులేషన్ టేపో చుట్టి ఉంటారు. 1931లో రెండు కంపెనీలూ కలిసి ఈఎంఐ అయిపోయాయి కదా, ఏదైతేనేం అని వాదించేవాళ్ళున్నారు. కంపెనీ యజమాన్యం కలిసింది, పాత మిషన్ల కొలతలు కలవలేదు.

ఎడిసన్ గొట్టపు మిషన్లు మన వైపు నాకు తగల్లేదు కాబట్టి ఎక్కువ చెప్పను. ఎవరైనా తెచ్చి చూపిస్తే మాత్రం రిప్రొడ్యూసర్ (వాటి సౌండుబాక్సు) మీది అక్షరం చూడండి. సి అంటే రెండు నిమిషాల గొట్టాలకి, హెచ్ అంటే 1908లో వచ్చిన నాలుగు నిమిషాల వాటికి, కె అంటే రెండింటికీ. రెండు నిమిషాల గొట్టంలో అంగుళానికి వంద గాడులు, నాలుగు నిమిషాల దాన్లో రెండొందలు. నాలుగు నిమిషాల పళ్ళచక్రాలు లేని మిషన్‌కి హెచ్ తగిలించి ఉంటే, ఎవరో ఎక్కడిదో తెచ్చి పెట్టారన్నమాట.

ఇంతవరకు చదివి, ఏ భాగమూ ముట్టుకోకూడదని నేను చెప్తున్నాననుకోకండి. అలా చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళతోనూ నాకు పేచీయే. మా బొబ్బిలి వీణనే తీసుకోండి. గొల్లపల్లిలో ఒకే పనసమొద్దులోంచి కుండ, దండి, అన్నీ తొలిచి ఏకాండి వీణ చేస్తారు. వాయించే కొద్దీ తీగలు మారుస్తారు, మైనంలో కూర్చిన ఇరవైనాలుగు మెట్లు కదిలితే మళ్ళీ మేళం కట్టిస్తారు. మేళం కొత్తదని ఆ వీణను ఎవరూ నకిలీ అనరు, కట్టించకపోతేనే వీణను పాడుచేశారని తిడతారు. అదే కుండను తీసేసి ఇంకో చెక్కది అతికిస్తే అది ఏకాండి వీణ అనిపించుకోదు. గ్రామఫోనులోనూ అంతే. సౌండుబాక్సు లోపలి రబ్బరు వాషర్లు రాయిలా గట్టిపడతాయి, అవి మార్చకపోతే పొర వణకదు, పాట ముక్కుతో పాడినట్టు వస్తుంది, ప్లేటూ అరుగుతుంది. మార్చి తీరాలి. స్ప్రింగు డబ్బాలో గ్రీజు గడ్డకట్టి, స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని దబ్బుదబ్బుమని విడిపోతుంటాయి, పాట మధ్యలో ఆ దెబ్బ వినిపిస్తుంది. కడిగి కొత్త గ్రీజు పెట్టాలి, అది మాత్రం తెలిసినవాడి చేతే చేయించండి, డబ్బాలోంచి ఎగిరిన స్ప్రింగు వేళ్ళు తెగ్గోస్తుంది. వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్‌లో తిరిగే పలకకి ఒరుసుకునే తోలు ముక్క అరిగితే కొత్తది వేయాలి, లేదంటే వేగం నిలవదు. పళ్ళెం మీది గుడ్డను పురుగు తినేస్తే మార్చుకోవచ్చు. ఇవన్నీ అరగడానికే పెట్టిన భాగాలు, వీటిని మార్చినంత మాత్రాన పెట్టె విలువ తగ్గదని గట్టిగా అంటాను. పెట్టె చెక్క, మోటారు, చేయి, సౌండుబాక్సు ఒళ్ళు, బూరా, ఇవి వేరు. వీటిలో ఏది మారినా ఆ సంగతి చెప్పకుండా చేతులు మార్చకూడదు.

ఈ రెంటికీ మధ్య ఇంకో రకం ఉంది, దాన్ని నేను చాలా ఇష్టంగా చూస్తాను. సాలూరు నుంచి వచ్చిన ఒక కొలంబియా పెట్టెకి హ్యాండిల్ కంపెనీది కాదు. ఎవరో కమ్మరి ఇనప కడ్డీ వంచి మర కోశాడు, పట్టుకునే పిడికి అంకుడు కర్రను లేతు మీద తిప్పి, లక్క రంగులు ఎక్కించారు, ఎరుపూ పసుపూ చారలు, ఏటికొప్పాక బొమ్మకి వేసినట్టే. అరచేయి ఒరుసుకుని ఎరుపు దాదాపు పోయింది. దాన్ని తీసేసి కంపెనీ హ్యాండిల్ వేస్తే బావుంటుందని ఒకాయన సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. అసలుదా అంటే కాదు, కంపెనీతో దానికి సంబంధం లేదు. కానీ ఆ పెట్టెను పాడించింది ఆ పిడే. రేపు అమ్మాల్సివస్తే "హ్యాండిల్ ఊళ్ళో చేయించింది" అని చీటీ మీద రాస్తే సరిపోతుంది, తీసేయాల్సిన అవసరం లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది తోమడం. మనింట్లో ఇత్తడి కనిపిస్తే చింతపండు పెట్టి తోమడం చిన్నప్పటినుంచీ అలవాటు. గ్రామఫోను దగ్గర ఆ అలవాటు పక్కన పెట్టాలి. పాత సౌండుబాక్సులకీ ఆర్ములకీ ఇత్తడి మీద నికెల్ పూత ఉండేది, తర్వాతి వాటికి క్రోమియం. తోమితే పూత పోయి కింది ఇత్తడి తళతళలాడుతుంది, చూసినవాళ్ళు "ఆహా, అసలు ఇత్తడి బయటపడింది" అంటారు. పోయింది తిరిగి రాదు. పొడి మెత్తటి గుడ్డతో తుడవండి చాలు. చెక్కకి పాలిష్ కొట్టించకండి, పాత లక్క పాలిష్ మీద ఇప్పటి పాలియురెథేన్ వేస్తే ఆ చెక్క వయసు చెప్పే గుర్తులన్నీ పోతాయి, ట్రాన్స్‌ఫర్ బొమ్మ కూడా పోతుంది.

వేగం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక తేలికైన పద్ధతి చెప్తాను, ఎందుకంటే మోటారు ఆరోగ్యం దీంట్లోనే తెలిసిపోతుంది. చుట్టూ 77 గీతలున్న స్ట్రోబు కాగితాన్ని, అంటే వేగం చూసే గుండ్రటి కాగితాన్ని, పళ్ళెం మీద పెట్టి, మన యాభై సైకిళ్ళ కరెంటు మీద వెలిగే పాతకాలపు బల్బు కింద తిప్పితే, గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపించిన చోట వేగం నిమిషానికి 77.92. ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటికి ఆ రెపరెప ఉండదు కాబట్టి పనిచేయకపోవచ్చు. ప్లేటు మీద సూది పెట్టాక కూడా గీతలు నిలబడితే ఆ మోటారు బావున్నట్టే. ముందుకీ వెనక్కీ ఊగుతుంటే గవర్నర్ దగ్గర ఏదో తేడా ఉండొచ్చు. ఇంకో మాట, ఎల్పీ ప్లేట్లు దీని మీద పెట్టకండి, ఒక్కసారికే పనికిరాకుండా పోతాయి.

అమ్మేవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. పెట్టెతోపాటు ఒక కాగితం ఇవ్వండి, దాని మీద ఏ భాగం అసలుది, ఏది వేరే పెట్టెది, ఏది కొత్తది రాసి సంతకం పెట్టండి. కొత్త బూరా పెట్టెను కొత్తదనే అమ్మండి, కొనేవాళ్ళు లేకపోరు. రిపేరు చేసేవాళ్ళు తీసేసిన పాత భాగాన్ని పారేయకుండా చిన్న సంచీలో కట్టి పెట్టెతోనే ఇచ్చేయండి, పగిలిన సౌండుబాక్సైనా సరే. తర్వాత తరంలో ఎవరికో దాని కొలత కావాల్సి వస్తుంది.

కొనేవాళ్ళు, నాకు ఫొటోలు పంపించేవాళ్ళు ముందువైపు అందమైన ఫొటో ఒక్కటే పంపించకండి. సౌండుబాక్సు ముందూ వెనకా, నంబరు చదవగలిగేలా. ఆర్మ్ వెనక కీలు దగ్గర. స్క్రూ తలలు. పళ్ళెం పైకి లాగి తీశాక కింద పలక. కుదిరితే పెట్టె లోపలి చెక్క. మోటారు కింది భాగం ఫొటో మాత్రం తప్పనిసరి, హాక్సా కోత కనిపించేది అక్కడే. పలక విప్పి చూపించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.